వాగు పరీక్షకూ ఒక పరీక్ష

సిరిసిల్ల దగ్గర మానేరు నది నీళ్లు సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపితే, తిరిగి వచ్చిన అంకెను నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. పరికరాన్ని ఎప్పుడు సరిచూశారు, ప్రామాణిక ద్రావణంతో పోల్చారా, అదే నీటిని రెండోసారి పరీక్షిస్తే ఎంత తేడా వచ్చింది, ఆ ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా అని అడగవచ్చు. అడిగితే జవాబు చెప్పాల్సిన బాధ్యత అవతలివారిది. అదే మానేరులో వల పెట్టి, రాళ్లు తిరగేసి, అడుగున బతికే పురుగులను ఏరి, ఇక్కడ నీరు ఒక మోస్తరుగా పాడయిందని ఎవరైనా నివేదిక రాస్తే ఆ మాటను ఏ గీటురాయి మీద గీసి చూడాలో జిల్లా కార్యాలయాల్లోనే కాదు, కళాశాలల్లో కూడా తెలిసినవారు తక్కువ. జీవులను చూసి పర్యావరణం స్థితి చెప్పే పద్ధతిని జీవ పర్యవేక్షణ అంటున్నాం. అది చేయడం ఒక విద్య. ఇంకొకరు చేసినదాని నాణ్యతను తూచడం వేరే విద్య. ఈ రెండో విద్యను ఆన్‌లైన్లో నేర్పవచ్చా, నేర్పితే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి చోట్ల ఏం ఉపయోగం అన్నది ఈ సమీక్ష విషయం. నేర్పవచ్చు అన్నదే నా వాదన. నిజానికి వల వేయడం కన్నా నాణ్యతను తూచడమే ఆన్‌లైన్‌కు బాగా ఒదుగుతుంది. అయితే ఆ శిక్షణలో అసలైన నమూనా ఒకటి చేతులు మారి, రెండోసారి లెక్కకు వచ్చి తీరాలి. అది లేని శిక్షణ ధ్రువపత్రాల పంపిణీగానే మిగులుతుంది.

రసాయన పరీక్ష ఉండగా పురుగుల వెంట ఎందుకు పడాలన్న ప్రశ్న ముందే వస్తుంది. సీసాలో పట్టిన నీరు ఆ గడియ సంగతి మాత్రమే చెబుతుంది. అద్దకం నీళ్లు రాత్రిపూట వాగులోకి వదిలితే పొద్దున పదింటికి పట్టిన సీసాలో ఆ జాడ ఉండకపోవచ్చు. వాగు అడుగున రాళ్లను పట్టుకుని నెలల తరబడి బతికే పురుగు మాత్రం ఆ రాత్రిని తప్పించుకోలేదు. చచ్చిపోతుంది, లేదా కొట్టుకుపోతుంది. మరుసటి వారం వల వేసినవారికి దాని లేమి కనిపిస్తుంది. ఈ తర్కం కొత్తదేమీ కాదు. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలోనే కుళ్లు నీటిని తట్టుకునే జీవులను, తట్టుకోలేని జీవులను వేరు చేసి వరుస పెట్టారు. అమెరికా 1972లో చేసిన స్వచ్ఛజల చట్టం నీటి రసాయన, భౌతిక స్థితితో పాటు జీవ సమగ్రతనూ కాపాడాలని లక్ష్యంగా రాసుకుంది. యూరోపియన్ యూనియన్ 2000లో తెచ్చిన జల చట్రపు చట్టం నదుల తరగతిని ప్రధానంగా జీవుల ఆధారంగానే తేల్చమంది. మన దేశంలో జాతీయ నీటి నాణ్యత పర్యవేక్షణ 1976లో యమున మీద 18 కేంద్రాలతో మొదలై ఇప్పుడు 4,700 కేంద్రాలు దాటింది. క్రమం తప్పకుండా చూసే తొమ్మిది మూలాంశాల్లో జీవ సంబంధమైనవి రెండే. రెండూ కోలిఫాం బ్యాక్టీరియా లెక్కలే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీ భాగాలను ప్రకటించినప్పుడు తెలంగాణ నుంచి ఎనిమిది ఆ జాబితాకెక్కాయి. మూసీ, మంజీర, గోదావరిలతో పాటు మానేరు పేరూ అందులో ఉంది. ఆ జాబితాకు కొలబద్ద బీఓడీ (జీవరసాయన ఆక్సిజన్ అవసరం) ఒక్కటే. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే కలుషితం, దాటకపోతే కాదు. మానేరు అడుగున ఏ జీవి మిగిలింది, ఏది పోయింది అన్న సంగతి ఆ జాబితాలో ఎక్కడా ఉండదు.

జీవుల ఆధారంగా తరగతులు కట్టే పద్ధతి మన దగ్గర లేక కాదు. యమునపై డచ్ సహకారంతో జరిగిన అధ్యయనాల తరువాత కేంద్ర మండలి జీవ నీటి నాణ్యత ప్రమాణాలు రూపొందించింది. రెండు అంకెలు చూస్తారు. మొదటిది సాప్రోబిక్ స్కోరు. దొరికిన ప్రతి పురుగు కుటుంబానికీ కాలుష్యాన్ని తట్టుకునే శక్తిని బట్టి 1 నుంచి 10 వరకు మార్కు ఉంటుంది, వాటి సగటు తీస్తారు. రెండోది వైవిధ్య స్కోరు. పళ్లెంలో పురుగులను వరుసగా తీస్తూ, ఇప్పుడు తీసినది ముందుదానికి భిన్నమా కాదా అని పోల్చి 0 నుంచి 1 మధ్య ఒక అంకె తేలుస్తారు. రెంటినీ కలిపి శుభ్రమైన నీటి నుంచి తీవ్ర కాలుష్యం దాకా ఐదు తరగతులు. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వల, పళ్లెం, చిమటా, భూతద్దం, వీలైతే ఒక మైక్రోస్కోపు చాలు. జిల్లా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగంలో ఇవన్నీ ఉంటాయి. పద్ధతి ఇంత తేలికగా ఉండటం వల్లే దాని నాణ్యత మీద ఎవరి కన్నూ పడదు.

ఒక ఊహా నమూనాతో ఈ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. పళ్లెంలో ఏడు కుటుంబాల పురుగులు తేలాయనుకుందాం. బ్రిటన్‌లో పుట్టిన మూల జాబితా ప్రకారం, రాతిని అతుక్కుని బతికే చదునైన మేఫ్లై పిల్లపురుగు హెప్టజెనిడేకు 10, ఇసుకలో దాగే తూనీగ పిల్ల గోంఫిడేకు 8, చిన్న మేఫ్లై కేనిడేకు 7, సన్నతూనీగ సీనాగ్రియోనిడేకు 6, వల అల్లే క్యాడిస్ పురుగు హైడ్రోసైకిడేకు 5, ఈదే మేఫ్లై బీటిడేకు 4, బురదలో ఉండే ఎర్ర పురుగు కైరోనమిడేకు 2. మొత్తం 42, ఏడుతో భాగిస్తే సరిగ్గా 6. ఈ ఒక్క స్కోరు మట్టుకు చూస్తే అది స్వల్ప కాలుష్యపు తరగతి అంచు. ఇప్పుడు కొత్తగా చేరిన విద్యార్థి ఆ చదునైన మేఫ్లైని ఈదే మేఫ్లైగా పొరబడ్డాడనుకోండి. రెంటికీ తోకలుంటాయి, పక్కన మొప్పలుంటాయి, ఆల్కహాల్‌లో నానాక రంగు పోతుంది. పొరపాటు పెద్ద వింతేమీ కాదు. కుటుంబాలు ఆరుకు తగ్గుతాయి, మొత్తం 32 అవుతుంది, సగటు 5.3కు పడిపోతుంది. వాగు ఉన్నపళంగా మధ్యస్థ కాలుష్యపు తరగతిలోకి జారింది. ఇంకొకరు మేఫ్లైని సరిగ్గానే పట్టి, బురదలో కలిసిపోయిన సన్నని ఎర్ర పురుగులను చూడకుండా వదిలేస్తే సగటు 6.7కు లేస్తుంది. వాగు మరింత శుభ్రంగా కనిపిస్తుంది. నీరు అదే, రోజు అదే, మారింది చూసిన కన్ను. గుర్తింపులో తప్పు, ఏరడంలో తప్పు, రెండూ చెరో దిక్కుకు లాగుతాయి. అయినా ఒకదాన్ని ఇంకొకటి సరిచేస్తుందిలే అనుకోవడానికి వీల్లేదు.

అనుభవం ఉన్న దేశాల్లో ఇలాంటి తప్పులు జరగవన్న భరోసా కూడా లేదు. జర్మనీలో యూరోపియన్ చట్టం కింద సేకరించిన 414 నమూనాలను స్వతంత్ర నిపుణులు మళ్లీ పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. మొదటివారు ఏరేటప్పుడు దాదాపు 29 శాతం పురుగులను వదిలేశారు. గుర్తింపు దగ్గర 30 శాతానికి పైగా జీవవర్గాల్లో తేడా వచ్చింది. చివరికి 16 శాతం నమూనాల్లో వాగు తరగతే మారిపోయింది. అక్కడ ఈ పని చేసినవారు జీతం తీసుకునే వృత్తి నిపుణులు. అమెరికాలో వాగుల జాతీయ సర్వే సందర్భంగా 2008లో వెలువడిన మరో పరిశీలన ఇంకో సంగతి చెప్పింది. ఒకే నమూనాను రెండు ప్రయోగశాలలు వేర్వేరుగా చూస్తే మొదట గుర్తింపులో సగటు తేడా 21 శాతం వచ్చింది. అనుమతించిన హద్దు 15. తేడాలు ఎక్కడొచ్చాయో చూసి, దిద్దుబాటు చర్యలు తీసుకున్నాక అది 14 శాతం దగ్గరికి దిగింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే రెండు విషయాలు తేలతాయి. తప్పు ఎవరైనా చేస్తారు, చిన్నదేమీ కాదు, నివేదిక చివరి మాటను మార్చేంత పెద్దది. ఆ తప్పును కొలిచి, చేసినవారికి చూపిస్తే తగ్గుతుంది. అమెరికా సర్వేల్లో ఇద్దరు గుర్తింపుదారులు తమ తేడాలను ఫోన్‌లో చర్చించి తేల్చుకోవడం స్థిరపడిన పద్ధతి. ఒకే ఊళ్లో ఉండనక్కర్లేదు, ఒకే బల్ల దగ్గర కూర్చోనక్కర్లేదు. ఆన్‌లైన్ శిక్షణకు నేను చూపగల బలమైన ఆధారం ఇదే.

పురుగుల గుర్తింపు సరిగ్గా ఉన్నంత మాత్రాన కార్యక్రమం మంచిదైపోదు. అమెరికా పర్యావరణ సంస్థ 2013లో రాష్ట్రాల జీవ పరిశీలన కార్యక్రమాలను తూచడానికి ఒక పద్ధతి ప్రచురించింది. పదమూడు అంశాలు, నాలుగు స్థాయిలు. ఏ కాలంలో నమూనా తీస్తారు, ఏ చోట్లు ఎంచుకుంటారు, సహజమైన తేడాలను ఎలా లెక్కలోకి తీసుకుంటారు, పాడవని వాగు అంటే ఏదని నిర్ణయించారు, ఎంత లోతుగా గుర్తిస్తారు, ఎలా సేకరిస్తారు, ఎలా ఏరుతారు, లెక్కలు ఎక్కడ దాస్తారు, మంచి వాగునూ చెడ్డ వాగునూ ఆ సూచిక నిజంగా వేరు చేయగలదా, చెడినదానికి కారణం చెప్పగలదా, బయటివారు సమీక్షిస్తారా, ఇలా సాగుతాయి ఆ ప్రశ్నలు. సమీక్షకు వచ్చినవారు వాగులోకి దిగరు. కార్యక్రమం నడిపేవారి ముందు కూర్చుని, కాగితాలు తెరిపించి, ఒక్కో అంశానికి మార్కులేస్తారు. గమనించాల్సింది ఏమంటే ఈ ప్రశ్నల్లో మూడొంతులు పటం, రిజిస్టరు, పట్టిక, లెక్క ముందు పెట్టుకుని అడిగేవే. వాటిని అడగడం నేర్పడానికి తెర చాలు, నది ఒడ్డు తప్పనిసరి కాదు.

ఈ ప్రశ్నలను మన నేల మీదికి తెస్తే వాటి పదును తెలుస్తుంది. కాలం సంగతే తీసుకుందాం. వానాకాలంలో మానేరు పొంగితే అడుగు పురుగులు కొట్టుకుపోతాయి. నడి ఎండల్లో చాలాచోట్ల నీరు మడుగులుగా మిగులుతుంది. ఈ రెండు కాలాల్లో తీసిన నమూనాలో పురుగులు తక్కువ ఉంటే దాన్ని కాలుష్యం ఖాతాలో రాయడం అన్యాయం. వరద తగ్గి, మడుగులు విడిపోకముందు ఉండే నెలలే పోలికకు పనికొస్తాయి. చోటు ఎంపిక ఇంకా చిక్కు. కాలుష్యాన్ని పట్టడానికి పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రం, కాలువ కలిసే చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి నమూనా తీసి పోల్చమని. వరద కాలువ దగ్గర ఈ సూత్రమే తలకిందులవుతుంది. దాన్ని శ్రీరాంసాగర్ నుంచి మధ్య మానేరు వైపు పారడానికి తవ్వారు. ఆ తరువాత పునరుజ్జీవన పథకం కింద రాంపూర్, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ దగ్గర పంపుహౌసులు కట్టి, కాళేశ్వరం నీళ్లను అదే కాలువలో ఎదురెక్కించే ఏర్పాటు చేశారు. పంపులు తిరిగిన రోజుల్లో ఎగువ దిగువవుతుంది, దిగువ ఎగువవుతుంది. ఆ కాలువ మీద ఎవరైనా ఎగువ దిగువల పోలికతో నివేదిక ఇస్తే, నమూనా తీసిన వారాల్లో పంపులు నడిచాయా అన్నది సమీక్షకుడి మొదటి ప్రశ్న కావాలి. దాదాపు 26 టీఎంసీల మధ్య మానేరు జలాశయం వచ్చాక సిరిసిల్ల దగ్గర పారే నది స్వభావమూ మారింది. గులకరాళ్ల మీద పారే నీటిలో బతికే పురుగు నిలిచిన నీటిలో బతకదు. అది లేకపోవడానికి అద్దకం నీళ్లు కారణమా, జలాశయం కారణమా అన్నది వేరు చేయని నివేదిక అద్దకం యూనిట్లవారికి అన్యాయం చేయవచ్చు, లేదా వారిని అనవసరంగా కాపాడవచ్చు. పోల్చడానికి పాడవని వాగు కావాలంటే వందలాది చెరువులతో, కాలువలతో, వరి మడులతో నిండిన ఈ జిల్లాల్లో అలాంటిది దొరకడమే కష్టం. దొరకనప్పుడు ఉన్నవాటిలో తక్కువ చెడినదాన్ని ఎంచుకోవాలి. ఎందుకు ఎంచుకున్నారో రాసిపెట్టాలి. ఆ రాత ఉందా లేదా అన్నదే కార్యక్రమానికి మార్కు.

నాణ్యతను తూచే విద్య లేకపోతే ఏమవుతుందో మన కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో యాజమాన్య కమిటీ వేసి, అక్కడి మొక్కలు, జంతువులు, సంప్రదాయ జ్ఞానంతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. పద్నాలుగేళ్లు గడిచినా 2016 నాటికి దేశం మొత్తం మీద తయారైనవి పద్నాలుగు వందలు దాటలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో కేసు పడింది. 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు రూ. 10 లక్షలు కట్టాలని ట్రిబ్యునల్ చెప్పింది. 2020 జనవరి నాటికి రిజిస్టర్లు 95 వేలు దాటాయి. పద్నాలుగేళ్లలో జరగనిది మూడు నాలుగేళ్లలో జరిగింది. గడువు పెట్టకపోతే ఇది కూడా జరిగేది కాదన్నది నిజం. కానీ ఈ వేగంతో రాసిన రిజిస్టర్లలో ఎన్ని వాగు దగ్గరికి వెళ్లి రాసినవి, ఎన్ని పక్క ఊరి పట్టిక చూసి రాసిన కాకి లెక్కలు అని తేల్చడానికి ఆ వేగానికి తగ్గ ఏర్పాటు లేదు. 2023 మేలో గోవాలో మొదలైన జాతీయ కార్యక్రమం లక్ష్యం రిజిస్టర్లను నవీకరించడం, సరిచూడటం. ముందు రాయించి తరువాత సరిచూసే క్రమమే రెట్టింపు ఖర్చు. సరిచూసే మనుషులను ముందే తయారు చేసి ఉంటే తొలి రిజిస్టరు దగ్గరే పట్టుబడే తప్పు తొంభై అయిదు వేల రిజిస్టర్లకు పాకదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పేర్లు ఈ చర్చలోకి ఊరికే రాలేదు. నాణ్యతను తూచే అలవాటు ఇక్కడ వేరే రూపాల్లో ఇప్పటికే ఉంది. జగిత్యాల పక్కన పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఉల్లికోడు పురుగును తట్టుకునే వరి రకాలకు పేరు పొందింది. జగిత్యాల సన్నాలు అక్కడి పంటే. ఉల్లికోడు పరీక్షల్లో కొత్త రకాల మధ్య టీఎన్1 అనే పాత రకాన్ని తప్పనిసరిగా నాటుతారు. అది ఉల్లికోడుకు సులభంగా లొంగే రకం. టీఎన్1లోనే పిలకలకు తగినంత దెబ్బ తగలకపోతే, ఆ మడిలో కొత్త రకం ఎంత పచ్చగా నిలిచినా ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరు. పురుగు అసలు వచ్చిందో లేదో తెలియని చోట తట్టుకుందని ఎలా అంటారు? జీవ పర్యవేక్షణ కార్యక్రమాన్ని తూచేవారు అడిగే ప్రశ్నకు ఇదే మూలం: నీ పద్ధతి చెడ్డదాన్ని చెడ్డదిగా చూపగలదని ముందు రుజువు చెయ్యి. కోరుట్ల పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల పాఠం నత్తలు లేకుండా నడవదు. కార్జపు జలగకు ఒక నత్త, పశువుల గురక వ్యాధికి ఇంకో నత్త మధ్యలో ఆతిథ్యమిస్తాయి. ఏ నత్త ఏదో పోల్చుకోలేకపోతే రోగం జాడ తప్పుతుంది. అంటే మంచినీటి జీవులను గుర్తించే కన్ను అక్కడ ఉంది, దాన్ని వాగు ఆరోగ్యం వైపు తిప్పడమే మిగిలింది. సిరిసిల్లలో బాబు జగ్జీవన్ రామ్ వ్యవసాయ కళాశాల ఉంది, మరమగ్గాల పరిశ్రమ ఉంది, దాని వెంట అద్దకం ఉంది, పక్కనే నది ఉంది. అక్కడ జీవ పర్యవేక్షణ ఫలితం ఎవరి ఉపాధినో, ఎవరి తాగునీటినో తాకుతుంది. తప్పు తీర్పు ఖరీదు ఎక్కువైన చోటే సమీక్షకుడి అవసరం ఎక్కువ.

ఇక ఆన్‌లైన్ సంగతి. దీని మీద తొలి అభ్యంతరం న్యాయమైనదే. వాగు విద్యను తెర మీద నేర్పడం నేల విడిచిన సాము అంటారు. వలను ప్రవాహానికి ఎదురుగా పెట్టి కాలితో అడుగును ఎంతసేపు కదపాలి, బురద పళ్లెంలో కదలని పురుగును ఎలా పట్టాలి, మైక్రోస్కోపు కింద మొప్పల ఆకారం ఎలా తిప్పి చూడాలి అన్నవి వీడియో చూస్తే రావు. దక్షిణాఫ్రికాలో సాస్ అనే జీవ పర్యవేక్షణ పద్ధతి వాడేవారికి వాగు దగ్గరే పనితనం పరీక్షించి గుర్తింపు ఇచ్చే ఏర్పాటు అందుకే పుట్టింది. బ్రిటన్‌లో చేపలు పట్టేవారు నడిపే రివర్‌ఫ్లై కార్యక్రమం కూడా ఒడ్డున ఒకరోజు శిక్షణ ఇచ్చాకే స్వచ్ఛంద కార్యకర్త చేతికి వల ఇస్తుంది. ఈ అభ్యంతరం సేకరణ శిక్షణకు పూర్తిగా వర్తిస్తుంది, సమీక్షా శిక్షణకు కొంతే. సమీక్షకుడు చూడాల్సిన రూపకల్పన, లెక్క, దాఖలా తెర మీదికి ఏమాత్రం నష్టం లేకుండా వస్తాయి. పైగా సిరిసిల్ల ఫైలును కోరుట్లలో ఉన్నవారు, కోరుట్ల ఫైలును జగిత్యాలలో ఉన్నవారు చూడటం ఆన్‌లైన్లోనే తేలిక. తెలిసిన మనిషి పనికి మార్కు తగ్గించడానికి మొహమాటం అడ్డొచ్చే మన వాతావరణంలో ఈ దూరం ఒక సుగుణం. మిగిలిన ఆ కొంత కోసం శిక్షణలో ఒక భౌతిక మెట్టు పెట్టాలి. ప్రతి అభ్యర్థీ తన దగ్గరి వాగు నుంచి తీసి, ఏరి, గుర్తించిన నమూనాను, ఏరగా మిగిలిన చెత్తతో సహా, ఆల్కహాల్‌లో భద్రపరిచి పంపాలి. ఇంకొకరు దాన్ని మళ్లీ చూడాలి. చెత్తలో ఎన్ని పురుగులు మిగిలాయో, గుర్తింపులో ఎన్ని తేడాలు వచ్చాయో అంకెల్లో తిరిగి చెప్పాలి. తేడాలొచ్చిన వాటి మీద తెర ముందు ఇద్దరూ మాట్లాడుకోవాలి. తన తప్పు శాతం తనకు తెలియని మనిషి పరాయి కార్యక్రమం తప్పును తూచలేడు.

రెండో అభ్యంతరం ధ్రువపత్రాల మీద. స్వయం వేదిక 2017లో, ప్రభుత్వోద్యోగులకు ఐగాట్ కర్మయోగి ఆ తరువాత వచ్చాక ఆన్‌లైన్ కోర్సులకు కొదవ లేదు. వీడియోను వేగంగా తిప్పి, నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కి, పత్రం దింపుకునే అలవాటూ పెరిగింది. పై అధికారి అడిగారని మొక్కుబడిగా చేసే కోర్సు ఎవరినీ సమీక్షకుణ్ణి చేయదు. ఇది నిజమే, కాకపోతే ఇది పరీక్ష లోపం, మాధ్యమం లోపం కాదు. నాలుగు జవాబుల పరీక్షను తరగతి గదిలో పెట్టినా ఫలితం అదే. సమీక్షా శిక్షణకు సరైన పరీక్ష ఒక ఫైలు. అందులో కావాలని కొన్ని లోపాలు దాచాలి. వానాకాలపు నమూనాను చలికాలపు దానితో పోల్చిన పట్టిక, కూడికలో తప్పిన సగటు, రెండు చోట్ల ఒకేలా ఉన్న పురుగుల జాబితా, పంపులు నడిచిన వారంలో తీసిన ఎగువ దిగువ నమూనాలు. అభ్యర్థి వీటిలో ఎన్ని పట్టాడు, లేని లోపాలు ఎన్ని చెప్పాడు అన్నదే మార్కు. ఇలాంటి ఫైళ్లు తయారు చేయగల అనుభవం హైదరాబాద్‌లో ఉంది. గచ్చిబౌలిలోని పర్యావరణ శిక్షణ సంస్థ ఈపీటీఆర్ఐ, భారత జంతు సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం కలిసి కూర్చుంటే ఒకరు శిక్షణ క్రమం, ఇంకొకరు సరైన గుర్తింపు సమకూర్చగలరు. పాఠం తెలుగులో ఉండాలన్నది వేరే చెప్పనక్కర్లేదు. శాస్త్రీయ నామాలు లాటిన్‌లోనే ఉండనిచ్చి, నిర్ణయానికి దారి తీసే తర్కాన్ని రోజూ మాట్లాడే భాషలో చెబితే పంచాయతీ కార్యదర్శి కూడా అనుసరించగలడు.

మూడో అభ్యంతరం సూచికల మీద. బ్రిటన్ వాగుల కోసం తయారైన మార్కులు మానేరుకు ఎలా సరిపోతాయి? అక్కడ పది మార్కులు తెచ్చే రాతిఈగలు చల్లని, వేగంగా పారే నీటి జీవులు. దక్కన్ మైదానపు వాగులో అవి కనిపించకపోతే తప్పెవరిది? కేంద్ర మండలి మన నదుల కోసం ఆ జాబితాను సవరించుకున్నా, యమునలో కుదిరినది గోదావరి ఉపనదుల్లో అచ్చంగా కుదురుతుందన్న హామీ లేదు. ఈ అభ్యంతరం ఎంత బలమైనదో అంత బలంగా నా వాదనకే తోడొస్తుంది. సూచిక ఇక్కడి నేలకు సరిపోతుందా అని అడగగలవాడే సమీక్షకుడు. అడిగేవారు లేనప్పుడు అరువు సూచిక ప్రశ్న లేకుండా పాతుకుపోతుంది. ఫోన్ కెమెరాతో పురుగును గుర్తించే యాప్‌లు, నీటిలో కలిసిన డీఎన్‌ఏను చదివి జీవుల జాబితా ఇచ్చే పద్ధతులు వచ్చాక మనిషి కన్ను ఎందుకనే వారికీ ఇదే జవాబు. యాప్ తనకు నేర్పిన బొమ్మలనే గుర్తిస్తుంది. డీఎన్‌ఏ యంత్రం తన గ్రంథాలయంలో ఉన్న జీవులనే పోలుస్తుంది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన డీఎన్‌ఏకూ అక్కడే బతుకుతున్న జీవి డీఎన్‌ఏకూ తేడా చెప్పలేదు. కాళేశ్వరం నీళ్లు ఎదురెక్కే కాలువలో ఆ తేడా చిన్న విషయమా? కొత్త సాధనాల వల్ల సమీక్షకుడు అడగాల్సిన ప్రశ్నలు పెరుగుతాయే కానీ తగ్గవు.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా పదునైనది. నాణ్యత నాణ్యత అని పట్టుబడితే నష్టపోయేది బలహీనులే అంటారు. చెరువులో చేపలు చచ్చి తేలాయని మత్స్యకారులు, కళాశాల పిల్లలు కలిసి నమూనా తీస్తే, మీ కార్యక్రమం పదమూడు అంశాల్లో తొమ్మిదింట తప్పిందని పరిశ్రమ తరపు నిపుణుడు కొట్టిపారేయడానికి ఈ కొలమానం ఆయుధమవుతుంది. ఈ భయం కల్పితం కాదు, ఎక్కడైనా జరిగేదే. దీనికి జవాబు కొలమానంలోనే ఉంది. స్థాయిలు పెట్టిన ఉద్దేశం పాస్, ఫెయిల్ అని తేల్చడం కాదు, ఏ స్థాయి లెక్క ఏ పనికి సరిపోతుందో చెప్పడం. రివర్‌ఫ్లై కార్యకర్తలు ఎనిమిది జీవవర్గాలను మాత్రమే లెక్కిస్తారు. ఆ లెక్క ఆ చోటుకు ముందే నిర్ణయించిన హద్దు కిందికి పడితే అక్కడి పర్యావరణ సంస్థకు కబురు చేస్తారు. తరువాతి పరిశీలన ఆ సంస్థ పని. వారి లెక్క ఉన్నది శిక్ష వేయడానికి కాదు, తనిఖీకి కబురు పంపడానికి. మన దగ్గరా తొలి స్థాయి లెక్క అధికారులను ఒడ్డుకు రప్పించడానికి చాలు, పై స్థాయి లెక్క నోటీసు ఇవ్వడానికి కావాలి అని ముందే రాసుకుంటే, పిల్లల నమూనాను నిపుణుడు కొట్టిపారేసినా చర్చ నడవాల్సింది నాణ్యత మీద కాదు, కబురు అందాక అధికారులు ఎందుకు రాలేదన్న ప్రశ్న మీద. నాణ్యతను తూచడం తెలిసిన పౌరుడు తన లెక్క హద్దునూ తెలుసుకుంటాడు, అవతలివారి నివేదికలోని డొల్లతనాన్నీ పట్టుకుంటాడు. పరిశ్రమ సమర్పించే పర్యావరణ నివేదికలోని జీవజాతుల అధ్యాయాన్ని కూడా ఇవే ప్రశ్నలతో చదవవచ్చు కదా.

డబ్బు లేదు, సిబ్బంది లేరు అన్న మాట మిగిలింది. వంద చోట్ల ఒక్కోసారి తీసి ఎవరూ సరిచూడని లెక్క కన్నా, పది చోట్ల ఏటా ఒకే కాలంలో తీసి పదింట ఒకదాన్ని రెండోవారితో చూపించిన లెక్క చవక, గట్టిది. ఈ మూడు పట్టణాల కళాశాలలు, పరిశోధనా స్థానం కలిస్తే గోదావరి ఒడ్డున ధర్మపురి నుంచి సిరిసిల్ల మానేరు దాకా ఆ పది చోట్లు చూసుకోవడానికి కొత్త భవనాలు, కొత్త పోస్టులు అక్కర్లేదు. కావాల్సింది ఒకరి పని ఇంకొకరు చూసే ఒప్పందం, సాక్ష్యంగా దాచిన పురుగుల సీసాలు, వాటిని చదవగలిగేలా తయారైన ఇరవై ముప్పై మంది. శిక్షణ విజయానికి కొలత ఎంతమందికి పత్రాలిచ్చారన్నది కాకూడదు. శిక్షణ పొందినవారు తూచిన నివేదికల్లో వాగు తరగతి పక్కన తప్పు శాతం కూడా అచ్చయిందా అన్నదే కొలత కావాలి. మానేరు మధ్యస్థంగా పాడయింది అన్న వాక్యం ఒక అభిప్రాయం. మానేరు మధ్యస్థంగా పాడయింది, మా ఏరివేతలో పన్నెండు శాతం పురుగులు తప్పాయి, అవి కలిపినా తరగతి మారలేదు అన్న వాక్యంతో అధికారి చర్య తీసుకోవచ్చు, యూనిట్ యజమాని వాదించవచ్చు, న్యాయస్థానం విచారించవచ్చు. ఆ రెండో వాక్యం రాయగలవారిని, రాయనివారిని నిలదీయగలవారిని తయారు చేయగలిగితే ఆన్‌లైన్ శిక్షణకు పెట్టిన ప్రతి రూపాయికీ లెక్క కుదురుతుంది.